పిల్లల బాధ్యతను తాత్కాలికంగా అప్పగించడం: లక్సెట్టిపేట ప్రాంతం, ఆచారం, చట్టం

తల్లిదండ్రులు బతికే ఉండి, బిడ్డ మీద తమ హక్కు వదులుకోకుండానే, కొంతకాలం ఆ బిడ్డ పెంపకాన్నీ రోజువారీ నిర్ణయాలనూ నమ్మకమైన మనిషి చేతిలో పెట్టే ఏర్పాటు ఇది. దత్తత వేరు. దత్తత పోయిన బిడ్డ చట్టం దృష్టిలో పుట్టింటి బిడ్డగా ఉండదు, కొత్త ఇంటి వారసత్వం పొందుతుంది. 1921లో వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు కరీంనగర్ జిల్లా వంగరకు వెళ్లింది దత్తుడుగానే. అప్పగింతలో ఇంటిపేరు మారదు, ఆస్తి వాటా మారదు. అమ్మానాన్నలు తిరిగొచ్చిన రోజున బిడ్డ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఉత్తర తెలంగాణలో దీన్ని "అవ్వ కాడ ఉంచుడు", "మేనమామ సాదుడు" అంటారు. ఈ ప్రాంతంలో ఇది దాదాపు ప్రతి వాడకట్టుకూ తెలిసిన సంగతే. అయినా దీనికి సరిపోయే కాగితం మన చట్టంలో లేదు. ఈ లోటు వల్ల పిల్లలు పడే ఇబ్బందిపై తగినంత చర్చ జరగలేదు.

ప్రాంతం, వలస

గోదావరి ఎడమ ఒడ్డున, నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద లక్సెట్టిపేట ఉంది. చాలాకాలం ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. నదికి అవతల ధర్మపురి, జగిత్యాల. రాయపట్నం వంతెన మీదుగా రెండు ఒడ్డుల మధ్య పిల్లనిచ్చుకోవడం, పిల్లను తెచ్చుకోవడం పాత సంగతి. అందుకే ఇక్కడి పిల్లవాడికి అమ్మమ్మ ఇల్లు చాలాసార్లు ఏటి అవతల ఉంటుంది.

ఈ ప్రాంతపు బతుకుతెరువును మూడు మాటల్లో చెప్పే నానుడి ఉంది: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. బొగ్గుబాయి అంటే సింగరేణి. మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ గనులు దగ్గరివే కాబట్టి అక్కడ పని దొరికినవాళ్లు పెళ్లాంపిల్లలతో క్వార్టర్లలో ఉండగలిగారు. బొంబాయి, భివండి, సూరత్ పోయినవాళ్లలో కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోయారు, కొందరు ఊళ్లో విడిచిపెట్టారు. దుబాయి మాత్రం పిల్లలకు తలుపు మూసింది. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి సౌదీ, యుఏఈ, బహ్రెయిన్, కువైట్, ఖతర్, ఒమన్‌లకు పోయినవాళ్లలో ఎక్కువమంది నిర్మాణ కూలీలు, సఫాయి పనివాళ్లు, డ్రైవర్లు. లేబర్ క్యాంపులో కుటుంబానికి చోటుండదు. యుఏఈలో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4000 దిర్హాములు, లేదా 3000 దిర్హాములతో పాటు వసతి ఉండాలి. మామూలు కూలీకి అది అందే జీతం కాదు.

తండ్రి ఒక్కడే పోతే బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది, పెద్ద చిక్కు రాదు. తల్లి కూడా ఇంటిపనికి గల్ఫ్ పోయినప్పుడు, తల్లి చనిపోయి తండ్రి అక్కడే ఉండిపోయినప్పుడు, ఇద్దరూ కలిసి భివండి మగ్గాల మీద పనికి పోయినప్పుడు అప్పగింత తప్పదు. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి గల్ఫ్ పనికి కనీస వయసు 30 ఏళ్లని భారత ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ వయసు తల్లికి బడికి పోయే పిల్లలు ఉండటం సహజం.

బిడ్డ ఎవరి దగ్గరికి పోతుంది? మొదట అమ్మమ్మ, తర్వాత నాయినమ్మ, మేనమామ, పెద్దమ్మ లేదా చిన్నమ్మ, ఆ తర్వాత పెద్దబాపు, చిన్నబాపు. ఆడపిల్లను అమ్మమ్మ దగ్గర ఉంచడానికే మొగ్గు కనిపిస్తుంది. మేనమామకు మేనకోడలి మీద ఆచారం ఇచ్చిన చనువు ఎక్కువ. కొన్ని ఇళ్లలో ఆ చనువు మేనరికం పెళ్లి ఆలోచనగా మారుతుంది, కాబట్టి ఆ ఏర్పాటును మరికాస్త జాగ్రత్తగా చూడాలి. మాట ఇచ్చుకోవడం ఇంట్లోనే జరుగుతుంది. నెలనెలా పంపే డబ్బు ఎంత, బడి ఫీజు ఎవరిది, పండక్కి బట్టలెవరు కొంటారు అన్నవన్నీ మాట్లాడుకుంటారు. జ్వరమొస్తే ఆసుపత్రిలో సంతకం ఎవరిదో ఎవరూ మాట్లాడుకోరు.

మదనపల్లె తండ్రి కేసు

ఈ విషయంలో భారతదేశపు మూల తీర్పు ఒక తెలుగు కుటుంబం నుంచి పుట్టింది. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహశీల్దారుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య సంజీవమ్మ 1905లో చనిపోయారు. 1909 జనవరిలో కొడుకులతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. అక్కడ ఆయన కొడుకు కృష్ణమూర్తిని భవిష్యత్తు లోకగురువుగా గుర్తించారు. 1910 మార్చిలో నారాయణయ్య ఒక ఉత్తరం రాసి కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానందల సంరక్షణను సమాజ అధ్యక్షురాలు అనీ బెసంటుకు అప్పగించారు. ఆమె పిల్లల్ని చదువు కోసం ఇంగ్లండు తీసుకువెళ్లారు. తర్వాత తండ్రికి ఆ ఏర్పాటు మీద, ముఖ్యంగా పిల్లలు సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ సాంగత్యంలో ఉండటం మీద నమ్మకం పోయింది. తన మాట వెనక్కి తీసుకుంటున్నానని 1912లో దావా వేశారు. 1913లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ బేక్‌వెల్ పిల్లల్ని తండ్రికి ఇవ్వాలన్నారు. కేసు లండన్ ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1914లో అక్కడ బెసంటు గెలిచారు.

గెలుపు ఆమెదే అయినా, ఆ తీర్పులో చెప్పిన సూత్రం తండ్రికి అనుకూలమైనది. పిల్లల సంరక్షకత్వం తండ్రి చేతిలోని పవిత్ర బాధ్యత. బతికుండగా దాన్ని ఇంకొకరి పేర మార్చడానికి వీల్లేదు. పెంపకాన్నీ చదువునూ మాత్రం వేరొకరికి అప్పగించవచ్చు, ఆ అధికారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అయితే దీనికి ఒక మినహాయింపు పెట్టారు. ఆ అప్పగింత వల్ల పిల్లలకు కొత్త అనుబంధాలు, ఆశలు ఏర్పడి, వాటిని తెంచితే పిల్లలకే నష్టమని కోర్టుకు అనిపిస్తే వెనక్కి తీసుకోవడాన్ని ఆపవచ్చు. ఇంకో మాట కూడా అన్నారు: ఇంగ్లండులో చదువుకుంటున్న పిల్లలు, దావా మొదట వేసిన చెంగల్పట్టు జిల్లాలో మామూలుగా నివసిస్తున్నట్టు కాదు కాబట్టి దావా వేసిన చోటే తప్పు, పైగా ఆ పిల్లలు ఏమనుకుంటున్నారో ఎవరూ అడగలేదు. అప్పటికి కృష్ణమూర్తికి దాదాపు 19 ఏళ్లు.

వందేళ్లు దాటినా మన దేశంలో అప్పగింత ఈ మూడు కాళ్ల మీదే నిలబడి ఉంది: హక్కు పోదు, పెంపకం ఇవ్వవచ్చు, బిడ్డ మేలు వీటన్నిటికన్నా పైన.

ఇప్పటి చట్టం

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, "ఆయన తర్వాత" తల్లి. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. "తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అనే అర్థంతో చాలాకాలం నడిపారు. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. తండ్రి బిడ్డ బాగోగులు చూడలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆయన బతికున్నా, తల్లే సహజ సంరక్షకురాలని 1999లో కోర్టు చెప్పింది. దుబాయి పోయిన మనిషి భార్య చేతిలో ఉండవలసిన తీర్పు ఇది. ఇంటాయన సంతకం లేదని ఆమెను వెనక్కి పంపే ముందు దీన్ని గుర్తుచేయాలి.

అవ్వకు, మేనమామకు ఇలాంటి అండ లేదు. 1890 నాటి సంరక్షకులు, వార్డుల చట్టం కింద బిడ్డ మామూలుగా నివసించే జిల్లాలోని కోర్టులో సంరక్షకులుగా నియమించమని బంధువైనా, స్నేహితుడైనా దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 జూన్‌లో తెలంగాణలో ప్రతి జిల్లాకూ జిల్లా కోర్టు ఏర్పడ్డాక లక్సెట్టిపేటవాళ్లకు అది మంచిర్యాలలోనే ఉంది. కానీ అదే చట్టంలోని 19వ సెక్షన్ తలుపు సగం మూస్తుంది: తండ్రి గానీ తల్లి గానీ బతికి ఉండి, అనర్హులని కోర్టు తేల్చకపోతే, వేరొకరిని బిడ్డకు సంరక్షకులుగా నియమించకూడదు. 2010 సవరణ దాకా అక్కడ తండ్రి మాటే ఉండేది, ఆ సవరణతో తల్లి కూడా చేరింది. ఈ నిబంధన తల్లిదండ్రుల హక్కును కాపాడటానికి పెట్టినదే, అందులో తప్పు లేదు. కానీ దాని ఫలితం చూడండి. మంచి తల్లిదండ్రులు మంచి అవ్వకు మూడేళ్ల కోసం బిడ్డను అప్పగిస్తే, ఆ అవ్వకు కోర్టు నుంచి కాగితం రావాలంటే ఆ తల్లిదండ్రులు అనర్హులు కావాలి.

ఆదిలాబాద్ గోండు, కొలాం కుటుంబాలకు 1956 చట్టం వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలు దాని పరిధిలోకి రావు. అక్కడ ఆచారం, 1890 చట్టం నడుస్తాయి. ముస్లిం కుటుంబాల్లో పసిబిడ్డ పెంపకం తల్లిది, ఆస్తి వ్యవహారం తండ్రిది. వాస్తవంగా సాదుతున్న మనిషి బిడ్డ స్థిరాస్తి అమ్మితే చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1918లోనే చెప్పింది.

బడి, ఆసుపత్రి, బ్యాంకు, పాస్‌పోర్టు

కాగితం లేని అవ్వకు ఏ గుమ్మం తెరుచుకుంటుంది, ఏది తెరుచుకోదు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

బడి సులువు. 2009 విద్యాహక్కు చట్టం "సంరక్షకులు" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో బిడ్డను వాస్తవంగా చూసుకుంటున్న మనిషి కూడా ఉన్నారు. చేర్పించడానికీ, రిపోర్టు కార్డు మీద సంతకానికీ అవ్వ సరిపోతుంది.

ఆసుపత్రి విషయంలో భయపడవలసినంత లేదు, కానీ భయం ఉంది. 12 ఏళ్ల లోపు బిడ్డ మేలు కోసం సంరక్షకుడు లేదా "చట్టబద్ధంగా ఆ బిడ్డ బాధ్యత చూస్తున్న ఇతర వ్యక్తి" సమ్మతితో సద్భావంగా చేసిన చికిత్స నేరం కాదని పాత శిక్షాస్మృతి 89వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 27వ సెక్షన్. సమ్మతి ఇచ్చేవాళ్లు సమయానికి దొరకని అత్యవసరంలో వైద్యుడు తన విచక్షణతో ముందుకు పోవడానికి 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కాబట్టి పాము కరిచిన పిల్లవాడిని తెచ్చిన అమ్మమ్మను "అమ్మ రానీ, నాన్న రానీ" అని ఆపడానికి చట్టం కారణం కాదు. ఆపరేషన్‌కు మాత్రం ఆసుపత్రులు తల్లిదండ్రుల సంతకం అడుగుతాయి. అక్కడ సమ్మతి పత్రం, దుబాయికి ఒక వీడియో కాల్ పని సులువు చేస్తాయి.

బ్యాంకు గట్టిది. మైనరు ఖాతాకు సహజ సంరక్షకులో కోర్టు నియమించిన సంరక్షకులో కావాలి, అవ్వ ఈ రెండూ కాదు. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 10 ఏళ్లు నిండిన పిల్లలు బ్యాంకు పెట్టిన పరిమితులకు లోబడి సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చు, ఆ మేరకు కొంత ఊరట. ఆడపిల్ల పేర సుకన్య సమృద్ధి ఖాతా తెరిచిన తాతలు, అమ్మమ్మలు మాత్రం 2024లో ఇరుక్కుపోయారు. చట్టబద్ధ సంరక్షకులు కాని తాత, అవ్వ తెరిచిన ఖాతాలను సహజ లేదా చట్టబద్ధ సంరక్షకుల పేరుకు మార్చాలని ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి కేంద్ర ఆర్థిక శాఖ నియమం వచ్చింది. మనుమరాలి మీద ప్రేమతో కట్టిన డబ్బుకు తల్లిదండ్రుల సంతకం కోసం గల్ఫ్ వైపు చూడవలసి వచ్చింది.

పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. ఇద్దరూ విదేశంలో ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణపత్రం పంపాలి. దాంతో ఇక్కడి బంధువు దరఖాస్తు పెట్టవచ్చు.

ఏ కాగితం రాసుకోవాలి

ఊళ్లో చాలామంది "జీపీఏ రాసిచ్చిన" అంటారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఆస్తి, కోర్టు, ఆఫీసు పనులకు పుట్టినది. దానితో బిడ్డ మీది తల్లిదండ్రుల స్థానాన్ని ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. అయినా ఆ కాగితం వ్యర్థం కాదు. ఎవరు ఎవరికి, ఏ పనులు, ఎంతకాలం అప్పగించారో అది రుజువు చేస్తుంది, వెనక్కి తీసుకునే హక్కు ఉందని కూడా చెబుతుంది.

ఇద్దరు తల్లిదండ్రులూ సంతకం పెట్టిన సమ్మతి పత్రం మేలు. అందులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, సాదే మనిషి పేరు, బంధుత్వం, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉండాలి. బడి, వైద్యం, టీకాలు, ప్రయాణం లాంటి అప్పగించిన పనులను ఒక్కొక్కటిగా రాయాలి. బిడ్డకు ఉన్న జబ్బులు, పడని మందులు, బ్లడ్ గ్రూపు రాస్తే రాత్రివేళ డాక్టరుకు అదే ముఖ్యమైన భాగమవుతుంది. ఊళ్లో ఉండగానే నోటరీ ముందు చేస్తే ఖర్చు తక్కువ. గల్ఫ్ నుంచైతే కాన్సులేటులో ధ్రువీకరణ చేయించాలి. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ భారతదేశానికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి. ఈ గడువు చాలామందికి తెలియదు, దాటితే జరిమానాలు.

ఏ కాగితంతోనూ ఇవ్వలేనివి కొన్ని ఉన్నాయి. బిడ్డకు పెళ్లి చేసే అధికారం, దత్తత ఇచ్చే అధికారం, బిడ్డ పేర ఉన్న భూమి అమ్మే అధికారం వాటిలో ముఖ్యం. బిడ్డ స్థిరాస్తిని అమ్మాలంటే సహజ సంరక్షకులకే కోర్టు అనుమతి కావాలి. సాదుతున్నామన్న ఒక్క కారణంతో బిడ్డ ఆస్తిని ముట్టకూడదని 1956 చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. పదహారేళ్ల మనుమరాలికి పెళ్లి చేస్తే, తల్లిదండ్రులు దూరంలో ఉన్నా, పెళ్లి జరిపించిన తాత 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద దోషి అవుతాడు.

హాస్టల్ గుమ్మం

ఇంటి బంధువు లేనిచోట పిల్లల్ని హాస్టల్ సాదుతుంది. పి.వి. ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలు, ఆడపిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఇదే పని చేస్తున్నాయి. బిడ్డను ఎవరు చూడవచ్చు, సెలవులకు ఎవరు తీసుకుపోవచ్చు అన్నది చేర్పించేటప్పుడు రాసిచ్చే పేర్ల మీద ఆధారపడుతుంది. గల్ఫ్ పోయే తల్లిదండ్రులు అక్కడ అవ్వ పేరు, మేనమామ పేరు, ఫొటో ఇవ్వడం మరిచిపోతే దసరా సెలవులకు బిడ్డ గేటు లోపలే మిగులుతుంది.

నమ్మకం తప్పినప్పుడు

బిడ్డను అప్పగించడానికి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. తెచ్చిన అప్పుకు బదులు పిల్లవాడిని దొర దగ్గర, కాపు దగ్గర "జీతం ఉంచుడు" ఈ జిల్లాల్లో ఎన్నో తరాలు నడిచింది. పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని బ్రిటిష్ ఇండియాలో 1933లోనే చట్టం వచ్చింది. 1976లో వెట్టిచాకిరీ వ్యవస్థనే రద్దు చేశారు. పట్నంలో చదివిస్తామని చెప్పి తీసుకుపోయి పసిబిడ్డలను ఎత్తుకునే పనికి, గిన్నెలు తోమే పనికి పెట్టుకోవడం ఆ పాత జీతానికి కొత్త రూపం. బంధుత్వం ఉన్నంత మాత్రాన అది పెంపకం కాదు.

2015 బాలల న్యాయ చట్టం బిడ్డ బాధ్యత ఉన్న ఎవరైనా హింసించినా, వదిలేసినా శిక్షిస్తుంది. బిడ్డను కొనడం, అమ్మడం 5 ఏళ్ల కఠిన జైలు శిక్ష దాకా తీసుకుపోతుంది. కుటుంబం దొరకని పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీ వేరే ఇంట్లో ఉంచి పెంచే ఫోస్టర్ కేర్ కూడా ఆ చట్టంలోదే, అది తల్లిదండ్రులు సొంతంగా చేసే అప్పగింత కాదు. లైంగిక దాడి జరిగితే 2012 నాటి పోక్సో చట్టం బంధువులకు, సంరక్షకులకు మరింత కఠిన శిక్ష విధిస్తుంది. పిల్లల సాయానికి నంబరు 1098. సాదుతున్న ఇంట్లో గొడవ పడలేని బిడ్డకు ఆ నాలుగంకెలు నోటికి వచ్చేలా చెప్పి వెళ్లడం తల్లిదండ్రుల పనే.

ఇతర దేశాల్లో

ఇంగ్లండు 1989 బాలల చట్టం ప్రీవీ కౌన్సిల్ సూత్రానికి దగ్గరగానే ఉంది: తల్లిదండ్రుల బాధ్యతను బదిలీ చేయకూడదు, కానీ తమ తరఫున వేరొకరు నిర్వర్తించేలా ఏర్పాటు చేసుకోవచ్చు. దగ్గరి బంధువు కానివాళ్ల దగ్గర 16 ఏళ్ల లోపు బిడ్డ 28 రోజులు, అంతకు మించి ఉంటే స్థానిక సంస్థకు తెలియజేయాలి. ఐవరీ కోస్టు నుంచి మంచి చదువు కోసమని తల్లిదండ్రులు పంపిన విక్టోరియా క్లింబీ అనే 8 ఏళ్ల పాప 2000 ఫిబ్రవరిలో లండన్‌లో తన తండ్రి మేనత్త చేతిలో చిత్రహింసలకు చనిపోయింది. ఆ విచారణ 2004 బాలల చట్టానికి దారి తీసింది. ఫ్రాన్స్‌లో ఇలాంటి అప్పగింతకు కుటుంబ న్యాయమూర్తి ఉత్తర్వు కావాలి.

అమెరికాలో చాలా రాష్ట్రాలు తల్లిదండ్రులు సంతకం చేసిన కాగితంతో కొన్ని నెలలకు అధికారం అప్పగించడానికి ఒప్పుకుంటాయి. అక్కడి ఏకరూప ప్రొబేట్ కోడ్ 6 నెలల గడువు పెట్టి, పెళ్లికీ దత్తతకూ సమ్మతిని మినహాయించింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో బంధువులకు ఇలాంటి అధికారం ఇచ్చే పత్రానికి 2009లో చట్టం తెచ్చారు. ఉద్యోగాల ఒత్తిడిలో నెలల పిల్లల్ని హైదరాబాద్, కరీంనగర్‌లలోని అమ్మమ్మల దగ్గరికి పంపే తెలుగు దంపతులు అక్కడ ఆ కాగితాలు చూసి, ఇక్కడ అలాంటిది లేక అయోమయపడతారు. కాలపరిమితి ఉండి, కోర్టు మెట్లెక్కకుండా, మండల స్థాయిలో నమోదయ్యే చిన్న పత్రాన్ని మన చట్టం గుర్తిస్తే లక్సెట్టిపేట అవ్వకు బ్యాంకులో, పాస్‌పోర్టు కేంద్రంలో నిలబడే చోటు దొరుకుతుంది.

తిరిగి తెచ్చుకోవడం

తిరిగొచ్చిన తల్లిదండ్రులు బిడ్డను తీసుకుపోవడం మామూలుగా పండగలా జరుగుతుంది. చిక్కు వచ్చేది సాదినవాళ్లు వదలనప్పుడు. సుప్రీంకోర్టు 2019లో, తల్లి జబ్బుతో చనిపోయాక పిన్ని దగ్గర పెరుగుతున్న చిన్నపాపను తండ్రికి ఇప్పించింది. కోవిడ్‌లో భార్యను పోగొట్టుకుని కూతురిని ఆమె అక్కచెల్లెళ్ల దగ్గర ఉంచిన ఢిల్లీ తండ్రికి కూడా 2024లో బిడ్డను తిరిగి ఇచ్చింది. కష్టకాలంలో బంధువుల సాయం తీసుకున్నందుకు తండ్రి హక్కు పోదన్నది రెండింటిలోనూ కనిపిస్తుంది. అయితే 2008లో, తండ్రి మీద భార్య మరణానికి సంబంధించిన కేసు ఉన్నప్పుడు, బిడ్డను తాత, అమ్మమ్మల దగ్గరే ఉంచింది. 1890 చట్టం 17వ సెక్షన్ ప్రకారం తన ఇష్టాన్ని తెలివిగా చెప్పగల వయసు వచ్చిన పిల్లల మాటను కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. న్యాయమూర్తులు చాలాసార్లు పిల్లల్ని తమ ఛాంబర్‌లోకి పిలిచి విడిగా మాట్లాడతారు.

కోర్టు దాకా పోని ఇళ్లలో ఈ పని పెద్దమనుషుల మధ్య జరుగుతుంది, అక్కడ బిడ్డను అడిగేవాళ్లు తక్కువ. మూడేళ్ల వయసులో విడిచిపోయిన బాపు ఎనిమిదో ఏట వస్తే ఆ బిడ్డకు ఆయన ఫోన్‌లో చూసిన మనిషే. ఇలాంటప్పుడు తల్లిదండ్రులు ముందు అవ్వ ఇంట్లోనే కొన్ని వారాలు ఉండి, బడి ఏడాది ముగిశాక తీసుకుపోవడం, ఆ తర్వాత కూడా సెలవులకు అవ్వ దగ్గరికి పంపడం పిల్లలకు తట్టుకోగలిగే పద్ధతి. సమ్మతి పత్రంలో ముగింపు తేదీతో పాటు ఈ మాట కూడా రాసుకుంటే తర్వాత గొడవలు తగ్గే అవకాశం ఉంటుంది.